సీలు వేసి పంపిన యాక్షన్ టేకెన్

కరెంటాఫీసు పెద్దసారుకు ఆళ్లగడ్డ పక్క పల్లె నుంచి దండాలు.

మా చేని దోవలో తీగ తలకు తగిలేటట్టు వేలాడుతోందని మూడు అర్జీలు పెట్టాను. రెండుసార్లు ‘నెసెసరీ యాక్షన్’ అన్నారు. మూడోసారి ‘యాక్షన్ టేకెన్’ అని సీలు వేసి పంపారు.

మా అన్న గురుస్వామికి చదివి చెప్పాను. “తీగ బిగించినారంటన్నా.”

“నీ పరాచికాలు నాతో వద్దురా.”

సీలు చూపిస్తే నమ్మాడు. మీ తీగకు ఇంగ్లీషు రాదేమో, అట్లే ఉంది. రోజూ దాని కింద వంగి పోయే మనిషి, మరునాడు పచ్చిగడ్డి మోపు ఎత్తుకొని నిటారుగా నడిచాడు.

నంద్యాల ఆస్పత్రిలో కుడిచెయ్యి తీసేశారు. ఆ సీలు మాట కూడా నా పరాచికమేనని వదిన నాతో మాట్లాడడం లేదు. ఒకసారి వచ్చి, ఆ మాట రాసింది మీరేనని ఆమెకు చెప్పండి. నేను చెబితే నమ్మదు.

ఇట్లు,
గురుస్వామి తమ్ముడు