మామయ్య బల్ల తట్టారు

యీషున్, సింగపూర్, శనివారం

సముద్రం మీదున్న ప్రసాద్ గారికి,

ఓడకు ఫోను కలవడం లేదు, అందుకే రాస్తున్నాను. మామయ్య విషయం. కంగారు పడకండి అని రాయలేను, నేనే పడుతున్నాను.

ఆదివారం సాయంత్రం మన ఇంట్లో డామినో తప్పదు కదా. నలుగురం కూర్చుంటే తలా ఏడు బిళ్ళలు, ఇంకేమీ మిగలవు. జోడు ఆరు, రెండు సగాల్లోనూ ఆరు చుక్కలున్న బిళ్ళ, ఎవరికి వస్తే వాళ్ళు మొదలుపెడతారు. వరస చివర ఎన్ని చుక్కలుంటే అన్నే ఉన్న బిళ్ళను దానికి ఆనించాలి. లేకపోతే బల్ల తట్టి ఊరుకోవాలి. ఉండి కూడా తట్టడం దొంగతనమేనని, పెళ్ళైన వారంలోనే మామయ్య నాకు చెప్పారు. షిప్‌యార్డులో పనిచేసినన్నాళ్ళూ టీ టైములో ఆడిన మనిషి.

పాత బిళ్ళలు కొన్ని పోయాయని ఈ నెల కొత్త పెట్టె కొన్నాను. మొన్న ఆదివారం ఆయన నాలుగు పక్కన ఐదు పెట్టారు. మన అనన్య నవ్వి సరిచేసింది. కాసేపటికి వరసకు రెండు చివర్లా మూడే ఉంది. ఆయన బల్ల తట్టారు. అత్తయ్య ఆట ముగించాక, మిగిలిన చుక్కలు లెక్కపెట్టడానికి ఆయన బిళ్ళలు తిప్పాను. అందులో మూడు చుక్కల బిళ్ళ ఉంది.

"దొంగ ముసలాయన," అన్నారు అత్తయ్య. ఆయన నవ్వలేదు.

మతిమరుపు మొదలైందని నా భయం. రోజూ అనన్యను బడికి నడిపించేది ఆయనే, మధ్యలో పెద్ద రోడ్డు. సోమవారం నుంచి నేనే దింపుతానన్నాను. కంచం ముందునుంచి లేచిపోయారు. మిమ్మల్ని అడగకుండానే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

మీ
అరుంధతి

గురువారం

ప్రసాద్ గారూ,

మామయ్య మతి బాగానే ఉంది. డాక్టరు అడిగితే తేదీ, వారం, వందలోంచి ఏడేసి తీసివేతలు, అన్నీ తడుముకోకుండా చెప్పారు. కాగితం మీద బొమ్మ చూసి గీయమన్నప్పుడే ఆగిపోయారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరాయట. పాత బిళ్ళల మీద చుక్కలు గుంటలుగా ఉండేవి, బొటనవేలితో తడిమి ఆడేవారట. నేను కొన్నవాటి మీద చుక్కలు అచ్చువేసినవి. వేలికి తెలియవు.

ఎందుకు దాచారని బస్సులో అడిగాను.

"చెప్తే పిల్లని నాతో పంపుతావా అమ్మా?" అన్నారు.

వచ్చే నెల ఆపరేషన్. మతిమరుపు కాదు కదా అని ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చాను. తాతకు కళ్ళు సరిగ్గా కనపడవట అని అనన్యకు చెప్పాను. అది టీవీ మీంచి చూపు తిప్పకుండానే ఇక్కడి పిల్లల యాసలో అంది:

"ఐ నో లా. సిగ్నల్‌లో గ్రీన్ మ్యాన్ బొమ్మ వెలిగితే నేనే కదా చెప్తా. అప్పుడు తాత నడుస్తారు."

ఎప్పట్నుంచి అని అడిగాను.

"ప్రైమరీ వన్ నుంచి," అంది.

ఇప్పుడది ప్రైమరీ త్రీ.

అరుంధతి