మోకాళ్లు కలవని ఆదివారం

చిట్టితల్లి మార్లిస్‌కి,

ప్రభువు దయవల్ల నువ్వూ, అల్లుడూ, చంటివాడూ ఆ అలాస్కా చలిలో వెచ్చగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఒహాయోలో మేమిద్దరం లేచి తిరుగుతున్నాం; మా వయసుకి క్షేమమంటే అదే. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు. అలాగే ఉన్నాయి. వాటి సంగతి ఇంకా ఉంది, చెబుతాను.

తల్లీ, కలిశాం. మన సంఘమూ, మీ వెండెల్ బాబాయి సంఘమూ ఒకటయ్యాయి. రాస్తుంటే కళ్లు తడుస్తున్నాయి. ప్రార్థన పుస్తకం మార్చారని పెద్ద ఆంగ్లికన్ సంఘం నుంచి అందరం ఒక్కటిగా బయటికొచ్చాం. ఆ తర్వాత మా బిషప్పే అసలైనవాడు, కాదు మా బిషప్పే అని తగువుపడి, ఒకే ఊళ్లో రెండుగా చీలిపోయాం. నువ్వప్పుడు చిన్నపిల్లవి. ఇప్పుడు మిగిలింది అటు కొందరు ముసలివాళ్లు, ఇటు కొందరు. ఈ ఏడంతా ఒకరినొకరం సమాధికి సాగనంపుకోవడంతోనే సరిపోయింది. బిషప్పులు రాజీకొచ్చారన్న కబురు వచ్చేసరికి మాకు సంతోషించే ఓపిక కూడా అయిపోయింది. అయినా సంతోషించాను తల్లీ, కూర్చుని సంతోషించాను.

మొన్న ఆదివారం మన గుళ్లో మొదటిసారి కలిసి ఆరాధన. విశ్వాస ప్రమాణంలో క్రీస్తు ‘మనుష్యుడాయెను’ అన్న మాట రాగానే బాబాయి వాళ్లు మోకాలు నేలకానిస్తారు, మనం తల మాత్రం వంచుతాం. దీని మీద ఎంత రచ్చ జరిగిందో నీకు తెలుసు. వచ్చినవాళ్ల మనసు నొచ్చకూడదని మనవాళ్లంతా మోకాళ్ల మీదికి దిగాం. చూద్దును కదా, బాబాయి వాళ్లంతా మన కోసమని నిలబడే తలలు వంచారు.

“ఏం అన్నయ్యా, ఇన్నేళ్లకు కింద పడ్డావు?” అన్నాడు బాబాయి గుసగుసగా.

“నీ కోసమేరా. నువ్వెందుకు గుంజలా నిలబడ్డావు?”

“నీ కోసమే.”

“ఎవరి కోసమైతేనేం, ముందు నన్ను లేపండి. తర్వాత పోట్లాడుకుందురు గాని,” అంది మీ అమ్మ. ఫాదర్ హాలిస్ నవ్వాపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇక నువ్వడిగిన మాట. చంటివాడి బాప్తిస్మం మన గుళ్లోనే, నీకిచ్చిన చోటే జరగాలన్నావు. జవాబు రాయలేక ఇంతసేపు కబుర్లు చెప్పాను. ఆరాధనయ్యాక, రెండు గుళ్లలో ఏది ఉంచాలా అని సభ పెట్టారు. తమది మూసెయ్యమని ఎవరు అంటారు? అందరూ నేల చూపులు చూశారు. మనది మూసేద్దామని నేనే ముందు చెయ్యెత్తాను. వాళ్లది చలికాలం వెచ్చగా ఉంటుంది, ఎక్కడానికి మెట్లు లేవు. నిన్ను అడగాల్సింది, అడగలేదు. అడిగితే ఆ చెయ్యి లేచేది కాదు.

“మా గుడికి వస్తావా? ఏ షరతూ లేకుండానా?” అన్నాడు బాబాయి, నమ్మలేక.

“ఒకటుంది. ఇక మీదట ‘మా గుడి’ అనకు.”

వాడు వెళ్లి నా కోటు తెచ్చి తొడిగాడు.

కోపమొస్తే కోపంతోనే రా తల్లీ, బిడ్డను మాత్రం తీసుకురా. బాప్తిస్మమిచ్చి ఎన్నేళ్లయిందో అక్కడా ఎవరికీ గుర్తు లేదట, ఇక్కడా లేదు. పసివాడి ఏడుపు వినని రెండిళ్లు ఒకటయ్యాయి. ఎవరి సంఘం బిడ్డ అని ఎవరైనా అడిగితే, బాబాయీ నేనూ ఒకేసారి మనవాడే అంటాం.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
నాన్న