మూడో అంతస్తు, ఎడమ కన్ను

చికాగో,
జూలై 1985.

నగర గోడచిత్రాల పరిరక్షణ అధికారివారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పద్దెనిమిదో వీధిలోని పెద్ద గోడచిత్రమునకు ఎడమ కన్నుగా ఉపయోగపడుచున్న మా కిటికీని తెరచుకొనుటకు అనుమతి కోరుట గురించి.

నంద్యాల తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేసి, రిటైర్మెంటు వయసు తగ్గించినందున యాభై అయిదేళ్లకే ఇంటికి పంపబడిన పి. శేషమ్మ అను నేను చేసుకొను విన్నపము. ఈ అర్జీ తెలుగులో వ్రాసితిని. మా అమ్మాయి డాక్టరు రేణు దీనిని ఇంగ్లీషులోకి మార్చి జతపరచగలదు. ఆమె మెత్తని మనిషి. ఆమె ప్రతిలో కోపం తక్కువగా కనిపించిన పక్షమున నా ప్రతినే అసలుగా పరిగణించవలెను.

1. నేను ఈ ఊరు చూడవచ్చిన మనిషిని. ఇక్కడి ఆస్పత్రిలో పనిచేయుచున్న రేణు దగ్గర ఆరు నెలలు ఉండి పోవుటకు వచ్చితిని. వచ్చినవారిని అందరూ పెద్ద మేడలు, సరస్సు చూపించి, ఆదివారం అరోరాలో కట్టుచున్న గుడికి తీసుకొనిపోయెదరు. నాకు మాత్రం తమ వీధి గోడలే నచ్చినవి. రేణు డ్యూటీకి పోగానే చెప్పులు తొడుక్కొని బయలుదేరేదానను. ఒక గోడ మీద మొక్కజొన్న పొత్తులు పట్టుకున్న అమ్మవారు, ఇంకొక గోడ మీద రైలు పట్టాలు మోస్తున్న కూలీలు. ఒకచోట అస్థిపంజరం టోపీ పెట్టుకుని గిటారు వాయిస్తోంది. పొద్దున్నే ఇదేం దర్శనమని నేను మొహం తిప్పుకుంటే, మా ఇంటి ఎదుటి బేకరీ ఆవిడ నవ్వి, "చచ్చిపోయిన మా పెద్దవాళ్లు, ఏడాదికోసారి పండక్కి వస్తారు" అని తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పి, నాకొక తీపి రొట్టె చేతిలో పెట్టింది. మా ఊళ్లో గోడల మీద ఎన్నికల గుర్తులు, సినిమా పోస్టర్లు తప్ప నేను చూసినవి లేవు. ఇక్కడ రోజూ ఒక కొత్త గోడ దొరికేది. తమ శాఖ చేసిన ఈ మంచిని నేను కాదనను.

2. అన్నిటిలోకి పెద్దది మేము కాపురమున్న భవనం మీదే ఉన్నది. అది ఒక ఆడమనిషి ముఖము. కుడి కన్ను ఇటుకల మీద గీసినారు. ఎడమ కన్ను మాత్రం మూడో అంతస్తులోని మా కిటికీ. లోపల వేలాడే మందపాటి కాన్వాసు తెర మీద తెల్లగుడ్డు, నడుమ నల్లగుడ్డు వేసినారు. వెలుతురు ఉన్నంతసేపు ఆ తెర దించి ఉంచవలెనని లీజులో షరతు. పైపెచ్చు, ముఖానికి రంగు వేసినప్పుడు కిటికీ చట్రం మీదుగా కూడా వేసినందున తలుపు అతుక్కుపోయి, అంగుళమైనను కదలదు.

మొదటి ఆదివారం రేణు తెర దించడం మరిచిపోతే, కింద వీధిలో నిలబడి చూసి, "బొమ్మను గుడ్డిదాన్ని చేశావేమే" అని కేకలేసి, పైకి పోయి దించినదానను నేనే. ఈ సంగతి తమ ఇన్‌స్పెక్టరు చెప్పకముందే నేను చెప్పుకొనుచున్నాను.

3. రైలు వంతెన కింది బొమ్మను తలెత్తి చూస్తూ నడిచి, కాలిబాట అంచు చూసుకోక పడి, చీలమండ విరగ్గొట్టుకొంటిని. గోడలు చూస్తూ నడిచేవారికి కింద ఏముందో తెలియదన్నది తమ శాఖ గమనించదగిన విషయము. కాలికి పిండికట్టు. భవనానికి లిఫ్టు లేదు. కావున నేను మెట్లు దిగలేను. వంటగది కిటికీ పక్క భవనపు ఇటుకల్లోకి తెరుచుకొనును. ముందు గది కిటికీ నేను చెప్పిన కన్ను.

4. ఇక ఎండ సంగతి. ఫ్యాను తిప్పిన గాలినే మళ్లీ తిప్పుతున్నది. పట్టపగలు దీపం వేసుకుని కూర్చుంటున్నాను. ఆదివారం బస్సులో వచ్చినవారు కింద నిలబడి ఫోటోలు తీసుకొనుచున్నారు. వాళ్ల నవ్వులు వినబడతాయి, మనుషులు కనబడరు. అయ్యా, నేను చాలా గోడలు చూశాను గాని, గోడ లోపల ఉండటం ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. ఊపిరాడటం లేదు. ఈ వాక్యాన్ని కచేరీ భాషలో ఎలా వ్రాయాలో ముప్పై ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకోలేదు.

5. ఈ విషయమై ఇంట్లో జరిగిన సంభాషణ తమ అవగాహన కొరకు:

"అమ్మా, లీజ్‌లో సైన్ చేశాను. తెర ఎత్తితే ఖాళీ చేయమంటారు. ఈ రెంట్‌కి ఆస్పత్రికి నడిచి వెళ్లే దూరంలో ఇంకో ఇల్లు దొరకదు. ఈ ఒక్క సమ్మర్ అడ్జస్ట్ అవుదాం."

"నువ్వు ఎట్లుండావే ఈ కొంపలో?"

"నేను బాగానే ఉన్నానమ్మా. ఇంటికొచ్చేది నిద్రపోవడానికే కదా."

ఎప్పుడడిగినా ఆ ఒక్క మాటే. నవ్వుతూనే లోపలికి వస్తుంది. కాబట్టి ఆమె కొరకు కాదు, నా కొరకే అడుగుచున్నాను.

6. తమ ఇన్‌స్పెక్టరు వచ్చి తలుపు తట్టి, తెర తాకి చూసి, "చాలా బాగుంది, మేడమ్" అన్నాడు. "కిటికీ తెరవనీ, నాయనా" అన్నాను. బొమ్మ పాడవుతుందన్నాడు. మా వైపు విగ్రహానికి అన్నీ చెక్కిన తరువాత చివరగా కన్ను తెరుస్తారు, అప్పుడే దానికి ప్రాణం వచ్చినట్టు లెక్క, తెరిచిన కన్ను మూయరాదు అని చెప్పితిని. ఆయన దానిని కాగితం మీద వ్రాసుకున్నాడు. కాగితం మీద వ్రాసుకున్న మాట ఏమగునో నాకు తెలుసును. నేనూ చాలా వ్రాసుకున్నదానను.

కావున, చట్రం మీది రంగు కోయుటకు, కిటికీ తెరచుటకు, నా కాలు బాగయ్యే వరకైనా అనుమతి దయచేయించవలెనని, ఈ మనవిని బల్ల సొరుగులోకి పోనీయక చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
పి. శేషమ్మ
(ఎడమ కన్ను)

తా.క. పై అర్జీని రేణు ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చిన తరువాత ఈ పేజీ కలిపాను. దీన్ని ఆమెకు చూపలేదు. తెలుగు చదవగలవారిని తమ ఆఫీసే వెతుక్కోవాలి.

అర్జీల గతి తెలిసినదాన్ని గనుక తమ జవాబు కోసం ఆగలేదు. నిన్న కత్తెరతో తెర మీది నల్లగుడ్డును గుండ్రంగా కోసి తీసేశాను. తెర దించే ఉంది, షరతు తప్పలేదు. గదిలో దీపం ఆర్పేస్తే బయటివాళ్లకు ఆ రంధ్రం నల్లగానే కనిపిస్తుంది. మధ్యాహ్నం తమ ఇన్‌స్పెక్టరు ఎదుటి కాలిబాట మీద నిలబడి, ఫోటో తీసుకుని, తృప్తిగా వెళ్లాడు. ఆయన వెళ్లేదాకా నేను ఆ రంధ్రంలోంచి ఆయన్నే చూస్తూ ఉన్నాను.

సాయంత్రం రేణు వచ్చింది. వచ్చి, పైకి రాలేదు. ఎదురుగా బేకరీ మెట్ల మీద కూర్చుంది. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నా బిడ్డ అలా ఏడవడం వాళ్ల నాన్న పోయిన రోజు తర్వాత నేను చూడలేదు. బేకరీ ఆవిడ బయటికి వచ్చి, ఏమీ అడగకుండా పక్కన నీళ్ల గ్లాసు పెట్టి లోపలికి పోయింది. అంటే ఆవిడకు ఇది కొత్త కాదు. కాసేపటికి రేణు తలెత్తి ఈ గోడ మీది ముఖం వైపు చూసింది. సరిగ్గా నా వైపే చూసింది.

"రేణూ" అని పిలిచాను. గట్టిగానే పిలిచాను. కిటికీ బిగుసుకుపోయి ఉంది, వినబడలేదు. తర్వాత ఆ గ్లాసు నీళ్లతో మొహం కడుక్కుని పైకి వచ్చి, "ఈరోజు బాగానే గడిచిందమ్మా, నీ కాలెలా ఉంది?" అంది.

అయ్యా, చూపు సంగతి నేను చూసుకున్నాను. పిలుపు సంగతి మిగిలింది. రేపు సాయంత్రం నా బిడ్డ ఆ మెట్ల మీద కూర్చునే వేళకు ఈ కిటికీ తెరిచి ఉంటుంది. తమ అనుమతి వెనకటి తేదీతో పంపినా నాకు అభ్యంతరం లేదు.