దమ్ము అన్న మాట

గురువారం రాత్రి, అల్ మన్సూరా

ఉబ్బసం మీద డాక్టరుగారి పరిశోధన కోసం క్లినిక్ కంప్యూటర్లో పేషెంట్ల రికార్డులు ఏరుతున్నాను. సిగరెట్లు తాగేవాళ్ళను పక్కన పెట్టమన్నారు. అలా పక్కకు పోయినవాళ్ళలో ఈ ఎడారి దేశానికొచ్చి లుసైల్‌లో బిల్డింగ్ సైటులో పనిచేసే రాజన్న ఒకడు. తెరిచి చూస్తే, సిగరెట్లు తాగుతాడని, ఆ కిందే మాట్లాడలేనంత ఆయాసమని ఉంది. ఇంత ఆయాసంతో సిగరెట్లా అని అనుమానమొచ్చి ఈరోజు పిలిపించాను.

"సిగరెట్లు బాగా తాగుతారా అన్నా?"

"నేనా? ముట్టనే ముట్ట మేడం! దమ్మున్నదని అప్పుడే చెప్పిన గదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనది జగిత్యాల వైపు. అక్కడ దమ్మంటే ఉబ్బసం. కౌంటర్లో అది రాసుకున్న శ్రీను మా కాకినాడవాడు. మా వైపు దమ్ము కొట్టడమంటే సిగరెట్ పీల్చడం. ఇద్దరిదీ తెలుగే కదాని ఇంకో మాట అడగలేదు పిచ్చి శ్రీను. రాజన్నకు సంగతి చెప్పాను.

డాక్టరుగారు ఇన్‌హేలర్ ఇచ్చారు. పీల్చి, ఊపిరి కాస్త సాఫీగా ఆడాక మెల్లగా నవ్వాడు.

"శ్రీను సారు రాసిందే నిజమాయె మేడం. ఇగో, ఇప్పుడు దమ్ము కొట్టిన."

నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రావడం లేదు. నేను పక్కన పెట్టినవాళ్ళలో దమ్మున్నవాళ్ళు ఇంకెంతమందో...