మా ఆయన హాయి

అక్కా, సోమవారం ఉదయం పదకొండింటికి మా ఆయన ‘చాలా హాయిగా ఉంది’ అని కాగితం మీద గుర్తు పెట్టారు.

నడుంనొప్పికి కొత్త మందు పరీక్షిస్తున్నారని పటాన్‌చెరు ఆసుపత్రిలో చేరారు కదా. బిళ్ళ వేశాక గంటకోసారి ఒక గీత ఇస్తారు. ఎడమ కొస ‘హాయి లేదు’, కుడి కొస ‘చాలా హాయి’. ఎంత హాయిగా ఉంటే అంత దూరంలో టిక్కు పెట్టాలి. ఈయన కుడి కొసనే పెట్టారు. పెళ్లయినప్పటి నుంచి నా దగ్గర ‘పర్లేదు’ దాటలేదు.

పక్క మంచం నర్సింహులు, పాశమైలారం ఫ్యాక్టరీలో ఈయనతో పనిచేసినవాడే. పొద్దంతా ఇద్దరూ కబుర్లే. నన్ను చూసి, “వదినా, అన్నను ఇంకో వారం ఈడనే ఉండనియ్యి. ఇంట్ల నవ్వనియ్యరా ఏంది? ఈడ మస్తు నవ్వుతుండు” అన్నాడు.

“అదంతా బిళ్ళ గుణమే” అన్నారు ఈయన.

కొందరికి మందు లేని ఉత్త పిండి బిళ్ళ ఇస్తారట. ఎవరికేదో డాక్టరుకూ తెలియదట.

ఫోన్‌లో అయితే నా గొంతే నన్ను పట్టిస్తుందని కార్డు రాస్తున్నాను. పెదనాన్న కంటి కట్టు విప్పారా? నా కుట్టుమిషను బెల్టు ఎవరైనా వస్తుంటే పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. ఈయనకిచ్చింది అసలు మందే కావాలని నా తరఫున మొక్కుకో. పిండి బిళ్ళయితే ఆ హాయి నర్సింహులిదే. శుక్రవారం పదింటికి, ఎవరికేది ఇచ్చారో రాసిపెట్టిన కవర్లు విప్పి చెబుతారు. నేనూ వెళ్తున్నాను.

నీ చెల్లెలు
నాగవల్లి