వెడల్పు గాడి

శుక్రవారం, సలాలా, తోట రూమ్

ఇయ్యాల నా నోరే నా కొంప ముంచింది.

తోట యజమాని, మా అర్బాబు, పండుగ గురిపోటీకని తాతల నాటి తుపాకి తీసిండు. మూతిలకెళ్లి మందు కూరేది. మా ఊర్ల అడవిపందుల మీద పేల్చే భర్మార్ అసొంటిదే. మూడు గుండ్లు కొట్టిండు, కొబ్బరిబొండానికి ఒక్కటి తాకలే. నేను ఊకుంటే అయిపోతుండె.

"అర్బాబ్, గురి చూసే ఈ గాడి సన్నగున్నది, దీనిలకెళ్లి మీ కంటికి గొట్టం కొసనున్న పూస కనవడదు. వెడల్పుది పెట్టుండ్రి. చూపు బొండం మీద కాదు, పూస మీద నిలపాలె" అని హిందీల చెప్పిన. తుపాకి డబ్బాల ఉన్న వెడల్పు గాడి తీసి నేనే బిగించిన. మొదటి గుండుకే బొండం పలిగింది.

ముసలాయన నన్ను కావలించుకున్నడు. "నువ్వు ఇంటికి పోతే దీన్ని ఎవడు చూస్తడు? ఛుట్టీ పోటీ అయినంక" అని నా సెలవు ఆపిండు. పోటీ అయినంక ఇంకోటి చెప్తడు, నాకు తెల్వదా. పాస్‌పోర్టు ఆయన బీరువాలనే ఉన్నది. వచ్చే వారం వస్తున్ననని నా భార్య సుజాతకు చెప్పేసిన. ఇప్పుడేం చెప్పాలె...

రేపు ఆ పూసను వెంట్రుకంత పక్కకు జరుపుదామా అనిపిస్తుంది. గుండు తప్పుతది.

తప్పితే, బాగుచెయ్యమని మళ్లా నన్నే పిలుస్తడు.