ధ్రువకాంతిలో నక్షత్రాలు

జనవరి 15, గురువారం. అల్ అమెరాత్, ఒమన్.

ఇస్త్రీ అయింది, ఇడ్లీ పిండి రుబ్బాను, ఫ్రిజ్ కడిగాను. మిగిలింది యూసుఫ్ ఫోటో.

ఇక్కడ ఫోటో స్టూడియో నడిపే ఈ కడప తమ్ముడు ఏళ్లపాటు కూడబెట్టుకుని నార్వే వెళ్లి, అక్కడి రాత్రి ఆకాశంలో వెలిగే ధ్రువకాంతిని ఫోటో తీసుకొచ్చాడు. వాళ్ల స్టూడియో పెళ్లి ఆల్బమ్‌లు ఇంట్లోనే ఎడిట్ చేసిచ్చే నాకే దాన్నీ సరిచేయమని అప్పగించాడు. రేపటిలోగా ఇస్తానన్నాను. మధ్యాహ్నమంతా కూర్చుని చేసి పంపితే, వెంటనే ఫోన్.

"ఏందక్కా, ఆకాశంలో చుక్కలన్నీ మొటిమలనుకొని తుడిచేసినావా?"

నవ్వాడు. అంతలోనే గొంతు తగ్గింది. "అసలుది ఉంది కదక్కా? నా కెమెరా కార్డు ఖాళీ చేసేసినా."

పెళ్లికూతుళ్ల బుగ్గల మీద మచ్చలు తీసే అలవాటుకొద్దీ నక్షత్రాలన్నీ తీసేశాను. వెతగ్గా వెతగ్గా, అసలు ఫోటో వేరే ఫోల్డర్‌లో దొరికింది.

పెద్దది చేసి చూశాను. ఆకాశమంతా పరుచుకున్న ఆ ఆకుపచ్చ వెలుగు ఎంత పల్చనంటే, వెనకున్న నక్షత్రాలు అందులోంచి మెరుస్తూనే ఉన్నాయి. అంత పెద్ద వెలుగు ఇంత చిన్నవాటిని దాచలేదు. రాత్రి వంట సంగతే మర్చిపోయాను. ఇన్నాళ్లూ ఆ పెళ్లికూతుళ్ల ముఖాల్లో ఏమేం తుడిచేశానో...

దేన్నీ ముట్టుకోకుండా పంపాను.

"నేను చూసింది ఇదే అక్కా," అన్నాడు యూసుఫ్.

రేపటిలోగా ఇస్తానన్న మాట బాకీ. తీరింది.